డ్రోను చూపు, మన చూపు

కళాశాల వార్షిక క్రీడోత్సవాన్ని ఆకాశం నుండి చిత్రించాలన్న కోరిక మా భౌతికశాస్త్ర విద్యార్థులకు చాలాకాలంగా ఉన్నది. ఆ కోరికతోనే మేము తెలిసినవారి వద్ద మూడు చిన్న డ్రోన్లు ఎరవు తెచ్చుకొని, సెలవు దినాలలో మైదానంలో పరీక్షించి చూశాము. డ్రోనును చూడగానే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: కెమెరా ఎంత గొప్పది? మాకు మాత్రం అంతకంటె ముఖ్యంగా తోచిన ప్రశ్న వేరు. ఆ కెమెరా చూచినది నేలపై నిలిచిన మనిషికి ఏ దారిన చేరుతున్నది? ఆ దారి తెగినప్పుడు ఏమి జరుగుతుంది?

మొదటిది వైఫై పద్ధతి. ఇందులో డ్రోనే ఒక చిన్న రూటరు వలె పనిచేస్తుంది; మన ఫోను దానితో కలుస్తుంది. చవకైనది, సులభమైనది, పైగా మర్యాద తెలిసినది. అదే తరంగంపై మరొకరు మాట్లాడుతుంటే తాను ఆగుతుంది. పంపిన ప్రతి భాగం అందినట్లు అవతలి నుండి కబురు రావాలి. రాకపోతే మరల పంపుతుంది. ఈ సంగతి చెప్పగానే మా ఉర్దూ విభాగపు మిత్రులు నవ్వి, ఇది ముషాయిరా పద్ధతి అన్నారు. శ్రోతలు ‘ముకర్రర్’ అంటే కవి అదే పాదాన్ని మళ్ళీ చదువుతాడు కదా! కవిత్వానికి అది శోభ. పాఠ్యపుస్తకాన్ని ఫోనులోకి దింపుకొనేటప్పుడు ఒక్క అక్షరమైనా పోకూడదు గనుక అక్కడా అది సబబే. కాని ఎగిరే యంత్రం పాత పాదం కోసం ఆగదు. సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతున్న డ్రోను బొమ్మ రెండు సెకన్లు నిలిచిపోతే, మనం చూడకుండానే అది 16 మీటర్లు సాగిపోతుంది.

ఇది లెక్క కోసం చెప్పిన మాట కాదు. ఒక సాయంత్రం హాస్టలు విద్యార్థులు చేతుల్లో ఫోన్లతో మైదానం చుట్టూ చేరారు. వైఫై డ్రోను ఎగురుతున్నది. తెరమీద ఖాళీ మైదానం ప్రశాంతంగా కనబడుతున్నది. యంత్రం మాత్రం వేపచెట్టు వైపు పోతున్నది! తెర చూడకుండా యంత్రాన్నే చూడమని నియమించిన మిత్రుడు కేక వేయడంతో, నడిపేవారు మీటలు వదిలారు. అది గాలిలో నిలిచింది. ఆ చెట్టు కింద పిల్లలు ఉన్నారు. నిలిచిపోయిన బొమ్మ నిజమైన బొమ్మ వలెనే ఉంటుంది. అందులోని ప్రమాదమంతా అదే.

రెండవది పాత అనలాగ్ పద్ధతి. పందెపు డ్రోన్లవారు కళ్ళద్దాలు తగిలించుకొని వాడేది. సాధారణంగా 5.8 గిగాహెర్ట్జ్ తరంగంపై నడుస్తుంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన తరువాత మిద్దెలెక్కి ఏంటెన్నాలు తిప్పిన పెద్దలకు దీని స్వభావం వివరించనక్కరలేదు. బొమ్మ నాణ్యత తక్కువ, అందానికి పనికిరాదు. కాని సంకేతం బలహీనపడుతుంటే ముందుగా చుక్కలు రాలుతాయి, గీతలు పడతాయి, రంగు పోతుంది. యంత్రం తన కష్టాన్ని దాచుకోదు. మాకు ఈ గుణం మీద గౌరవం కలిగింది.

మూడవది డ్రోను కోసమే రూపొందించిన డిజిటల్ పద్ధతి. డి.జె.ఐ. సంస్థ 2014లో లైట్‌బ్రిడ్జ్ అనే పేరుతోను, 2016లో మావిక్ ప్రో డ్రోనుతో ఆక్యుసింక్ అనే పేరుతోను తెచ్చినది ఈ కోవకు చెందినదే. లైట్‌బ్రిడ్జ్‌ను ఆకాశవాణి వార్తలతో పోల్చవచ్చు. మనం ఒక మాట వినలేదని వార్తలు చదివేవారు ఆగరు. ఆక్యుసింక్ సమాచారాన్ని అనేక సన్నని ఉపతరంగాలపై పంచి పంపుతుంది. దాని రెండవ రూపం 2.4, 5.8 గిగాహెర్ట్జ్‌లలో రద్దీ తక్కువ ఉన్నదానికి మారగలదు. ఇబ్బంది ముదిరితే బొమ్మ నాణ్యతను తగ్గించుకొంటుంది గాని ప్రవాహాన్ని తేలికగా ఆపదు.

తేడా తెలియడానికి రెండు యంత్రాల లెక్కలు చాలు. 2019లో వచ్చిన మావిక్ మినీ వైఫైతో నడిచేది. 2020లో వచ్చిన మినీ 2 ఆక్యుసింక్‌తో నడిచేది. రెండింటి బరువూ 249 గ్రాములే. సంస్థ చెప్పిన దూరాలు అమెరికా నిబంధనల ప్రకారం మొదటిదానికి 4 కిలోమీటర్లు, రెండవదానికి 10. యూరప్ నిబంధనల కింద అవే యంత్రాలకు 2, 6 కిలోమీటర్లు. అక్కడ అనుమతించే ప్రసారశక్తి తక్కువ గనుక. ఇక ఆలస్యం చూడబోతే మొదటిదానికి 170 నుండి 240 మిల్లీసెకన్లు, రెండవదానికి సుమారు 200. అనగా అడ్డులేని చోట బొమ్మ చేరే వేగంలో రెండూ సమానమే!

అరచేతిలో ఇమిడే యంత్రం కొన్ని వందల మీటర్లు దాటితే కంటికి ఆనదు. మరి 10 కిలోమీటర్లు ఎందుకు? దూరం పోవడానికి కాదు, రద్దీలో నిలవడానికి. దూరం రెండింతలైతే సంకేతబలం నాలుగోవంతు అవుతుంది. ఖాళీ ప్రదేశంలో అంత దూరం చేరగలిగినది, జనసమ్మర్దంలో 100 మీటర్లకైనా కొంత బలాన్ని మిగుల్చుకొని ఉంటుంది. ప్రకటనలలోని అంకెను మేము ఇట్లా చదువుకొన్నాము. నీరు నిండిన ఆకులూ, మనుషుల శరీరాలూ ఈ తరంగాలను మింగుతాయి. ఇంకొక మాట: చాలామంది రిమోటు ఏంటెన్నా కొనను బాణం గురిపెట్టినట్లు డ్రోను వైపు చూపుతారు. కొన వైపే ప్రసారం అతి బలహీనం. ఏంటెన్నా పక్కభాగం డ్రోనుకు ఎదురుగా ఉండాలి.

కొనుగోలు విషయమై కమిటీవారికి మా విన్నపం ఒకటున్నది. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. స్వదేశీ యంత్రాన్ని చూచేటప్పుడు కెమెరా అంకెలతో పాటు, బొమ్మ ఏ పద్ధతిలో వస్తుందో అమ్మేవారిని అడగాలి. జనమున్న చోట ఎగురవేసి చూపమనాలి.

క్రీడోత్సవం నాడు మైదానంలో వందలాది ఫోన్లు ఉంటాయి. అందువలన ఏ పద్ధతి డ్రోనైనా సరే, గ్యాలరీ మీదుగా ఎగురవేయబోమని మేము ముందే వ్రాసి ఇచ్చాము. కమిటీవారు ప్రహరీగోడ పక్కనున్న ఖాళీ స్థలాన్ని కేటాయించారు. అక్కడ చుట్టూ తాడు కట్టడానికి ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఒప్పుకొన్నారు. తెర చూడక యంత్రాన్ని మాత్రమే చూచే పని, వేపచెట్టు నాడు కేక వేసిన మిత్రునికే అప్పగించాము.