పానగల్ నీళ్లపై పాత పడవ పరుగు

వెయ్యేళ్ల నాటి చెరువు. పాతికేళ్ల నాటి బొమ్మ పడవ. ఒకటి కృష్ణా నీళ్లతో కొత్త ఊపిరి పోసుకుంది. రెండోది కొత్త బ్యాటరీతో పోసుకుంటుంది. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్‌లో ఈ రెండింటినీ కలిపి చూస్తే ఆ సరదాయే వేరు. దాని వెనక కొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి మరి!

నల్లగొండ పట్టణం దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లగానే గాలి మారుతుంది. అప్పటిదాకా ముఖానికి కొట్టిన వేడి చల్లబడుతుంది. నల్లరాతి గుట్టలు, ఎర్ర చెల్కలు చూసి అలసిపోయిన కళ్లకు ఒక్కసారిగా నీలం రంగు తగులుతుంది. అదే ఉదయ సముద్రం. పేరుకే సముద్రం కాదు, కట్ట మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు పల్చని గీతలా కనిపిస్తుంది. సాయంత్రమైతే అలలు రాళ్లకు తగిలి చేసే చప్పుడు వినడానికే కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

ఇంతకీ ఏ పానగల్? అని అడిగేవాళ్లుంటారు. పాలమూరు వైపు, ఇప్పటి వనపర్తి జిల్లాలో కొండకోట ఉన్న పానగల్ ఒకటి ఉంది. అది వేరు. ఇది నల్లగొండ పానగల్. కందూరు చోడుల రాజధాని. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఈ సీమనేలిన వంశమది. ఉదయ చోడుడి పేరుతోనే ఈ చెరువు ఉదయ సముద్రమైంది. వానలు మొహం చాటేసే మెట్ట ప్రాంతంలో నీటిని ఆపి నిలబెట్టడమే రాజుకు పెద్ద కీర్తి. గుడి కట్టినవాడు చెరువూ తవ్వించాలి. పానగల్‌లో రెండూ ఉన్నాయి.

కాలం గడిచి రాజులు పోయారు. చెరువుకు మాత్రం కొత్త కొలువు దొరికింది. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాల్వల మీదుగా ఇక్కడికి చేరతాయి. దాదాపు ఒకటిన్నర టీఎంసీలు పట్టే బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా ఉదయ సముద్రం మారింది. నల్లగొండ పట్టణం గొంతు తడిపేది కూడా ఈ నీళ్లే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితోనే పని.

అటక దిగిన పడవ

ఎనభైలు, తొంభైల్లో గల్ఫ్ నుంచి వచ్చే మామయ్య పెట్టెలో టేప్‌రికార్డరు, సెంటు సీసాల మధ్య ఒక్కోసారి రిమోట్ పడవ కూడా ఉండేది. ఎర్ర ప్లాస్టిక్ ఒళ్లు, తెల్ల చారలు, బారెడు యాంటెన్నా ఉన్న రిమోటు. నీళ్లు లేని ఊళ్లో దాన్నేం చేసుకుంటారు? సిమెంటు తొట్టిలో రెండు చుట్లు తిప్పి, బ్యాటరీలు అయిపోగానే అటక ఎక్కించేశారు. అప్పటి పిల్లలకిప్పుడు పిల్లలున్నారు. పండక్కి ఇల్లు దులుపుతుంటే బయటపడిన ఆ పడవను చూసి 'ఇది ఇంకా నడుస్తుందా?' అంటే, 'దీన్ని ఇంకా జోరుగా నడిపించవచ్చా?' అన్నది తర్వాతి ప్రశ్న.

జోరు పిచ్చి కొత్తదేం కాదు. జాతరల్లో అమ్మే రేకు పడవ గుర్తుందా? లోపల చిన్న దీపం వెలిగిస్తే టపటపమంటూ పళ్లెంలో తిరిగేది. దానికి 1891లోనే థామస్ పియో అనే ఆయన బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. వైర్‌లెస్‌తో నడిచే పడవకూ నూట పాతికేళ్లు దాటాయి. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ల తొట్టిలో ఇనుప పడవ బొమ్మను రేడియో తరంగాలతో తిప్పి చూపిస్తే జనం నోరెళ్లబెట్టారు. అదే ఏడాది నవంబరులో ఆయనకు పేటెంటు వచ్చింది. అంటే మన అటక మీది బొమ్మ ఆ పడవకు ముని మనవరాలన్నమాట!

మన దేశంలో ఎన్‌సీసీ నౌకా విభాగం కేడెట్లకు ఓడ నమూనాల తయారీ పోటీలే ఉన్నాయి. నౌ సైనిక్ క్యాంపుల్లో మోటారుతో నడిచే నమూనాలూ పోటీకి దిగుతాయి. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో అయితే 500 మీటర్ల పొడవైన నీటి తొట్టే ఉంది. ఓడ కట్టేముందు దాని బొమ్మను అందులో లాగించి నీరెంత అడ్డుపడుతుందో లెక్కిస్తారు. పడవ బొమ్మ పిల్లల ఆటే కాదు, ఇంజినీర్లకు అదొక పాఠం కూడా.

నీరు ఎందుకు అడ్డుపడుతుంది?

మోటారు పెద్దది పెడితే పడవ ఉరుకుతుందని అందరూ అనుకుంటారు. సగమే నిజం. నీటిని చీల్చుకుంటూ వెళ్లే పడవ ముందు ఒక అల, వెనక ఒక అల పుడతాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెంటి మధ్య దూరం పెరుగుతుంది. అది పడవ పొడవంత కాగానే పడవ తన అల తానే ఎక్కలేక గుంటలో ఇరుక్కుంటుంది. బ్రిటన్ ఇంజినీరు విలియం ఫ్రౌడ్ పందొమ్మిదో శతాబ్దంలోనే నమూనా పడవలతో ఈ అలల లెక్క తేల్చాడు. 60 సెంటీమీటర్ల పడవకు ఈ హద్దు గంటకు మూడున్నర కిలోమీటర్లే. మనిషి నడక కంటే తక్కువ!

దాన్ని దాటాలంటే పడవ నీటిని చీల్చడం మాని నీటిపైకి లేవాలి. పల్చటి రాయిని వాటంగా విసిరితే చెరువు మీద కప్పగంతులేస్తూ పోతుంది కదా, అలాగన్నమాట. అడుగు భాగం చదునుగానో, తక్కువ లోతున్న 'వి' ఆకారంలోనో ఉన్న రేసు పడవలు అందుకే పనికొస్తాయి. గుండ్రటి అడుగున్న టగ్ పడవకు ఎంత మోటారు బిగించినా ముక్కు నీళ్లలో పెట్టుకుని రొప్పడమే. కాబట్టి అటక మీది పడవను ముందు బోర్లించి చూడాలి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఒక్కో మెట్టూ ఎక్కాలి

మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు. పాతికేళ్లలో షాఫ్ట్ గొట్టంలోని గ్రీజు బంకలా గట్టిపడి ఉంటుంది. దాన్ని కడిగి, వంగిన షాఫ్టును సరిచేసి, మోటారు, షాఫ్టు ఒకే గీతలో ఉండేలా బిగిస్తే పోయిన వేగం కొంత తిరిగొస్తుంది. అతుకుల్లో పగుళ్లుంటే పూడ్చాలి. లోపలికి చేరిన గ్లాసెడు నీళ్లు పావు కిలో బరువు!

రెండోది బ్యాటరీ. పాత నికెల్ కాడ్మియం సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులు. ఆరు కలిపితే 7.2. ఇప్పటి లిథియం పాలిమర్ సెల్లు ఒక్కటే 3.7 వోల్టులు. రెండు చాలు. వోల్టులు ఇంచుమించు అవే అయినా బరువు బాగా తగ్గుతుంది, అడిగినప్పుడు కరెంటు గట్టిగా ఇస్తుంది. అదే మోటారుతో పడవ తేలిగ్గా లేస్తుంది. అయితే ఈ బ్యాటరీకి కోపమెక్కువ. సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది, ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెడితే అంటుకుంటుంది. దానికోసం చేసిన ఛార్జరు వాడాలి, పక్కన మనిషి ఉండాలి.

మూడోది ప్రొపెల్లరు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. అదే చుట్ల వేగంతో తిరిగే ప్రొపెల్లరుకు కావలసిన శక్తి దాని వ్యాసాన్ని ఐదుసార్లు గుణించినంతగా మారుతుంది. 30 మిల్లీమీటర్లది తీసి 33ది పెడితే తేడా మూడు మిల్లీమీటర్లే. మోటారు మీద భారం మాత్రం 60 శాతం పెరుగుతుంది. పాత మోటారు పొగలు కక్కేది అందుకే. ఒక్కో మిల్లీమీటరే పెంచుతూ, రెండు నిమిషాలు నడిపాక మోటారును తాకి చూడాలి. వేలు పెట్టలేనంత వేడెక్కితే వెనక్కి తగ్గాలి.

నాలుగోది మోటారు. బ్రష్‌లున్న పాతదాని స్థానంలో బ్రష్‌లెస్ మోటారు వేస్తే రాపిడి పోయి చుట్లు పెరుగుతాయి. దానికి వేరే స్పీడ్ కంట్రోలరు కావాలి. ప్రొపెల్లరు వెనక చిన్న గొట్టం పెడితే చెరువు నీరే లోపలికొచ్చి మోటారును చల్లబరిచి పక్క రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. ఆ ధార ఆగిపోతే పడవను వెనక్కి పిలవాల్సిందే.

ఐదోది రేడియో. పాత రిమోట్లు చాలావరకు 27 మెగాహెర్ట్జ్‌వి. పక్కన ఇంకొకరి పడవ ఉంటే రెండూ తికమకపడతాయి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఆ బాధ లేదు. ఈ బ్యాండుకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఈ తరంగాలు నీటిలో ఇంకిపోతాయి, యాంటెన్నా నీటిమట్టం కంటే పైనుండాలి. సిగ్నల్ పోతే మోటారు తనంతట తానే ఆగేలా ముందే అమర్చుకోవాలి. లేదంటే పడవ సముద్రం దాటేస్తుంది... ఉదయ సముద్రం!

ఫలితం కొలవడానికి పెద్ద యంత్రాలేం వద్దు. ఒడ్డు వెంట 50 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకుంటే చాలు. 12 సెకన్లలో దాటితే గంటకు 15 కిలోమీటర్లు, 6 సెకన్లలో దాటితే 30. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి నడిపి సగటు తీయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల లాభమో, దేనివల్ల నష్టమో తెలియదు.

ఆముదం ఇంజిను ఇక్కడొద్దు

వేగం కావాలంటే బ్యాటరీ ఎందుకు, ఇంజినే పెడదామనే వాళ్లూ ఉంటారు. బొమ్మ ఇంజిన్ల ఇంధనంలో మిథనాల్, నైట్రోమిథేన్‌తో పాటు కలిపే కందెన ఏమిటో తెలుసా? చాలాకాలంగా ఆముదమే! ఎంత వేడికైనా ఇంజిను లోపలి పొరను అది వదలదు. క్యాస్ట్రాల్ కంపెనీ నూనెకు ఆ పేరు వచ్చింది కూడా ఇంగ్లిషులో ఆముదానికున్న పేరు నుంచే, 1909లో. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల రైతులకు ఆముదం పాత చుట్టం. ఆ లెక్కన ఈ ఇంజిన్లు మనవే అనిపిస్తుంది.

అయినా ఇక్కడొద్దు. ఎందుకంటే ఇది నల్లగొండ. ఈ జిల్లాలో బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుములు లేవని పల్లెలున్నాయి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇక్కడి భూగర్భ జలాల్లో చాలాచోట్ల అది దాటింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. ఒక జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఇలా! అలాంటి గడ్డకు కృష్ణా నీళ్లు రావడమంటే ఏమిటో, కుండ నెత్తిన పెట్టుకుని నడిచిన వాళ్లనడగాలి. ఆ నీటి మీద మన సరదా నూనె పొర తేలకూడదు.

ఇంజినే కాదు, పాత బ్యాటరీ కూడా ప్రమాదమే. కాడ్మియం విషం. పడవ మునిగితే అది నీటి అడుగునే ఉండిపోతుంది. కాబట్టి బ్యాటరీ మార్చడం వేగం కోసమే కాదు, చెరువు కోసం కూడా. కొత్త బ్యాటరీనీ నీళ్లపాలు చేయకూడదు. పడవ ముక్కులో థర్మోకోల్ ముక్కలు కుక్కితే తిరగబడినా తేలుతుంది. షాఫ్టుకు గ్రీజు కొద్దిగానే పెట్టి, బయటికొచ్చింది తుడిచేయాలి. ఎక్కడ నడపవచ్చో అక్కడి నీటిపారుదల సిబ్బందిని అడగాలి. వద్దంటే వద్దు, ఇంటి దగ్గర కుంట ఏదైనా చూసుకోవాలి. వలలున్న వైపు అసలు వెళ్లొద్దు. ఆ ప్రొపెల్లరు తెంపేది ఒకరి రోజు కూలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆగిపోయిన పడవ కోసం నీళ్లలో దిగకూడదు. చెరువు అడుగున బురదుంటుంది, తూముల దగ్గర లాగుడుంటుంది. గాలం కర్రకు టెన్నిస్ బంతి కట్టి, పడవ అవతలికి విసిరి మెల్లగా లాక్కోవడం అలవాటున్నవాళ్లు చేసే పని. అదీ కాకపోతే గాలే ఏదో ఒడ్డుకు చేరుస్తుంది. చేరకపోతే పోయింది బొమ్మే.

గుడి చెప్పే పాఠం

పడవ ఛార్జింగ్ అయిపోయాక పొలాల మధ్యనున్న ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాలి. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు! నేరుగా పడే ఎండ కాక, మండప స్తంభాల మధ్య నుంచి పలు దిక్కుల వెలుగు చెదిరి లోపలికి రావడమే దీనికి కారణమంటారు భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు. స్తంభాలను ఎక్కడ నిలపాలో ఆ శిల్పులకు తెలుసు. ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయంలో రామాయణ, భారత ఘట్టాలను రాతిలో చూడొచ్చు. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

పాత కట్టడాలను బాగుచేసేవాళ్లు ఒక నియమం పాటిస్తారు. ఏ మరమ్మతైనా రేపు కావాలంటే విప్పేసేలా ఉండాలి, అసలుదాన్ని చెడగొట్టకూడదు. పాత పడవకూ అదే మాట. ఒంటికి కొత్త రంధ్రాలు పొడవకుండా, ఉన్న మరల మీదే కొత్త మోటారు కూర్చోబెట్టొచ్చు. తీసిన పాత మోటారును, రిమోటును కవరులో చుట్టి దాచొచ్చు. పాత బ్యాటరీని మాత్రం దాచకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి. రేపు మనవడు 'మొదట ఇదెలా ఉండేది తాతా?' అనడిగితే చూపించడానికి ఏదైనా మిగలాలి కదా!

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి నల్లగొండ సుమారు వంద కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వెళ్లి అద్దంకి రోడ్డులోకి మళ్లాలి. రైలైతే సికింద్రాబాద్ నుంచి గుంటూరు వైపు వెళ్లేవి నల్లగొండలో ఆగుతాయి. అక్కడి నుంచి పానగల్‌కు ఆటోలో చేరుకోవచ్చు. పొద్దున గాలి తక్కువగా ఉంటుంది, పడవలకు అదే అనువైన వేళ. నీడ చూడాలనుకుంటే ఎండ బాగా ఉన్న రోజే బయల్దేరండి. తాగేందుకు నీళ్లు తీసుకెళ్లండి, ఖాళీ సీసా మాత్రం కట్ట మీద వదలకండి.