చెవులతో చూసిన ఆట

మా చిత్తూరు వీధుల్లో టెలివిజన్లు అరుదుగా ఉన్న రోజుల్లో క్రికెట్ మాకు చెవులతో చూసే ఆట. రేడియోలో వ్యాఖ్యాత గొంతు పెరిగిందంటే బంతి సరిహద్దు దాటినట్లే. ఆ మక్కువే నన్ను హర్షా భోగ్లే అభిమానిని చేసింది.

హైదరాబాదులో పుట్టిన భోగ్లే 19 ఏళ్ళ ప్రాయంలోనే ఆకాశవాణిలో వ్యాఖ్యానం ప్రారంభించారు. దేశం తరపున ఆడినవారు కారు. మాటే ఆయన బ్యాటు. 2016లో ఐ.పి.ఎల్. ఆరంభానికి ముందు ఆయనను వ్యాఖ్యాతల బృందం నుండి తప్పించారు. కారణమేదీ తనకు చెప్పలేదని ఆయన అన్నారు. అయినా మాట ఆగలేదు. అంతర్జాలంలో విశ్లేషణలతో శ్రోతలను పలకరించారు, కొంతకాలానికి ఐ.పి.ఎల్. వ్యాఖ్యానానికీ తిరిగి వచ్చారు.

నేడు తిరుపతి విద్యార్థి అయినా చేతిఫోనుతో పాడ్‌కాస్టు ప్రారంభించవచ్చు. కాని ప్రసార హక్కులు లేకుండా మైదానం నుండి బంతి బంతినీ వర్ణించడం కుదరదు; ఆట ముగిశాక విశ్లేషించవలసిందే. నావంటి పాత శ్రోతకు ఆ ఆలస్యం కొంచెం కష్టమే.