ఐదెకరాల పచ్చిక, 42 కిలోమీటర్ల నడక

ఎకరం పచ్చిక కోయాలంటే మనిషి ఎంత దూరం నడవాలి? లెక్క తేలికే, కానీ పెద్ద లాన్ ఉన్నవాళ్లలో దాన్ని వేసి చూసేవాళ్లు తక్కువ. చేత్తో తోసే మామూలు మోవర్ కోత వెడల్పు 21 అంగుళాలు, అంటే 53 సెంటీమీటర్లు. మధ్యలో గడ్డి మిగలకుండా ఒక చాలు మీదికి ఇంకో చాలును ఐదు సెంటీమీటర్లు పోనిస్తే, ప్రతి చాలుకూ దక్కేది 48. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు నడక. ఐదెకరాలకు 42 కిలోమీటర్లు, దాదాపు మారథాన్ దూరం. అదీ వట్టి చేతులతో కాదు, అదురుతున్న యంత్రాన్ని తోసుకుంటూ, ఢిల్లీ జులై ఉక్కలో. ఇక్కడ గడ్డి ఏడాది పొడుగునా ఒకేలా పెరగదు. ఢిల్లీ వాతావరణ కేంద్రం ఉన్న సఫ్దర్‌జంగ్‌లో ఏటా సగటున పడే 774 మిల్లీమీటర్ల వానలో 640 జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆ నెలల్లో మన గరిక, ఇక్కడి మాలీలు దూబ్ అని పిలిచే ఆ గడ్డే, వారం తిరిగేసరికి మళ్లీ కోతకొస్తుంది. డిసెంబరులో రంగు మారి నిద్రపోతుంది. అంటే ఢిల్లీ శివార్లలోని ఛత్తర్‌పుర్‌లోనో బిజ్వాసన్‌లోనో ఐదెకరాల పచ్చికను ఒక్క మాలీ చూసుకుంటున్నాడంటే, వానాకాలమంతా అతను వారానికో మారథాన్ నడుస్తున్నట్టు. కూర్చుని నడిపే జీరో టర్న్ మోవర్ కొనాలా వద్దా అన్న ప్రశ్న ఈ కాళ్ల దగ్గర మొదలవ్వాలని నా వాదన. ఎన్ని హార్స్‌పవర్, ఏ కంపెనీ అన్నవి తర్వాత. ఆ సీటులో కూర్చునేది యజమాని కాదు, మాలీ. ఎంపిక అతని ఒంటికీ చేతికీ తగ్గట్టు జరగాలి.

ఈ యంత్రానికి స్టీరింగ్ ఉండదు. సీటుకు రెండు పక్కల నుంచీ ఒడి మీదికి వంగిన రెండు లీవర్లుంటాయి. వెనక రెండు పెద్ద చక్రాలు, ఒక్కోదానికీ విడిగా హైడ్రాలిక్ పంపూ మోటారూ. కుడి లీవర్ కుడి చక్రానిది, ఎడమది ఎడమ చక్రానిది. రెంటినీ సమంగా ముందుకు తోస్తే తిన్నగా పోతుంది. ఎడమది వెనక్కి లాగి కుడిది ముందుకు తోస్తే ఉన్నచోటే గిర్రున ఎడమకు తిరుగుతుంది. ముందు చక్రాలు ఆఫీసు కుర్చీ చక్రాల్లాంటివి, వెనకవి ఎటు తోస్తే అటే. అరక తోలినవాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. గట్టు దగ్గర దాపటెద్దును నిలదొక్కి వలపటెద్దును అదిలిస్తే కాడి ఎడమకు తిరుగుతుంది. అక్కడ రెండు పగ్గాలు, ఇక్కడ రెండు లీవర్లు. 1949లో మిస్సోరీ రాష్ట్రంలో మాక్స్ స్విషర్ ఈ తరహా మోవర్‌ను మొదట తయారుచేస్తే, 1963లో గోధుమ చేల కాన్సస్‌లో జాన్ రెగియర్ దానికి రెండు లీవర్ల హైడ్రాలిక్ రూపం ఇచ్చాడు. ఢిల్లీ తోటల్లో పనిచేసే మాలీల్లో చాలామంది ఉత్తరప్రదేశ్, బీహార్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. కారు డ్రైవర్ ముందు స్టీరింగ్ అలవాటును మరిచిపోవాలి. ఎడ్లను తోలిన చేతికి ఆ బాధ లేదు. అందుకే ఇంటి డ్రైవరుకు నేర్పితే చాలు, మాలీకి ఇది అర్థం కాదు అనే మాట నాకు సమంజసంగా తోచదు.

ఎకరాల సంఖ్యను బట్టి యంత్రం ఎంచుకోవడం మొదటి పొరపాటు. చూడాల్సింది నేల తీరు. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ 15 ఎకరాలు. అయినా కాలువలూ పూలమళ్లూ దాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతాయి. అలాంటి చోట పెద్ద యంత్రం తిరిగేది తక్కువ, అడ్డం పడేది ఎక్కువ. చెట్టన్నది లేకుండా మైదానంలా పరుచుకున్న గడ్డికి ట్రాక్టరు వెనక తగిలించే కోత పరికరం చాలు. జీరో టర్న్ ఈ రెంటికీ నడిమి నేలకు పుట్టింది. లోదీ గార్డెన్ 90 ఎకరాలను మనసులో పెట్టుకోండి. విశాలమైన పచ్చిక, మధ్యమధ్య విడివిడిగా చెట్లు. అటువంటి అమరిక ఉన్న నేల మూడెకరాలున్నా ఈ యంత్రానికి పని ఉంది. ఒక్కో చెట్టు చుట్టూ ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు పోయే పనిని ఒక్క చుట్టుతో ముగించడమే దీని లాభం, వేగం కాదు. 48 అంగుళాల కోత డెక్‌తో, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఐదెకరాలకు 17 కిలోమీటర్ల పైచిలుకు దూరం పడుతుంది. చెట్ల చుట్టూ తిరిగే సమయం కలుపుకుని మూడు గంటల పని. 60 అంగుళాల డెక్ తీసుకుంటే ఇంకా తొందరగా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. వెడల్పాటి డెక్ ఎగుడుదిగుడు నేల మీద మిట్టల్ని గొరిగేసి పల్లాల్ని వదిలేస్తుంది. తోట లోపలి గేటు ఎంత వెడల్పో కూడా కొలుచుకోవాలి. ఇంకొకటి, లుట్యెన్స్ బంగళాల కాలం నుంచి తివాచీలా పొట్టిగా ఉండే లాన్ మీద మోజున్నవాళ్లకు ఇది సరిపడదు. ఆ కోత కత్తెరలా పనిచేసే రీల్ మోవర్‌ది. జీరో టర్న్ బ్లేడు గడ్డిని విసురుగా కొట్టి తెంపుతుంది కాబట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తులోనే దానికి అందం.

ఢిల్లీ, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన ఎన్‌సీఆర్ అంతా ఒకే నేల అనుకోవడం రెండో పొరపాటు. నోయిడా, గ్రేటర్ నోయిడా వైపు యమున ఒండ్రు, చదునైన నేల. మెహ్రౌలీ, ఛత్తర్‌పుర్, ఫరీదాబాద్, గురుగ్రామ్ వైపు ఆరావళి కొసలు. అక్కడ వాలూ ఉంది, మట్టిలోంచి పైకి తేలే రాళ్లూ ఉన్నాయి. ఈ యంత్రాల్లో చాలావాటికి తయారీదార్లు పెట్టే హద్దు 15 డిగ్రీల వాలు, అంటే మీటరు దూరానికి 27 సెంటీమీటర్ల ఎత్తు. కంటికి అది పెద్ద వాలులా అనిపించదు, అందుకే కర్రా దారమూ పెట్టి కొలవాలి. కారు వాలులో జారినా ముందు చక్రాలను తిప్పే వీలుంటుంది. ఇక్కడ దారి తిప్పేదీ ఆపేదీ వెనక రెండు చక్రాలే. అవి తడిగడ్డి మీద పట్టు తప్పాయంటే పగ్గాలు తెగిన బండి. తోటలో ఫార్మ్ పాండ్ ఉంటే, ఈత కొలను పక్కన గట్టు ఉంటే, ఆ అంచుల్ని చిన్న యంత్రానికి వదలాలి. యంత్రం బోల్తా పడితే మనిషిని కాపాడేందుకు సీటు వెనక ఉండే ఇనప కమానును వేపకొమ్మలకు తగులుతోందని మడిచేయడం, మనిషి లేస్తే బ్లేడును ఆపే సీటు కింది స్విచ్‌ను తీగతో కట్టేయడం, ఈ రెండూ జరగకుండా చూడాల్సిన బాధ్యత యజమానిది. బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. దానికి తగిలిన గులకరాయి ఎవరి కంటివైపు పోతుందో ఎవరూ చెప్పలేరు. కోతకు ముందు రాళ్లు ఏరడం, పిల్లల్ని లోపల కూర్చోబెట్టడం చాదస్తం కాదు.

ఇక అసలు చిక్కు వానలోనే ఉంది. గడ్డి ఏపుగా పెరిగే నెలల్లోనే నేల మెత్తబడుతుంది. 2024 జూన్ 28న సఫ్దర్‌జంగ్‌లో 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వాన తర్వాత నాలుగు రోజులకు పైన గడ్డి ఆరినట్టే కనిపిస్తుంది, కింద ఒండ్రు ఇంకా పిండిముద్దలా ఉంటుంది. అప్పుడు యంత్రాన్ని ఉన్నచోటే తిప్పితే ఏమవుతుందో దగ్గరగా చూడాలి. మలుపు లోపలి వైపు చక్రం దాదాపు ఒకే చోట మెలితిరుగుతూ నేలను రుద్దుతుంది. గరిక నేల మీద తీగలు పాకించి, కణుపు కణుపుకూ వేరు దించే గడ్డి. చక్రం కింద ఆ తీగ మెలితిరిగి, కణుపుల దగ్గర వేళ్లు తెగి, అరచేతి మందాన చాపలా లేచివస్తుంది. కింద నల్లటి మట్టి బయటపడుతుంది. పది చాళ్ల చివర ఇలా పది చోట్ల జరిగితే పచ్చిక అంచంతా గుండీలు ఊడిన చొక్కాలా తయారవుతుంది. ఉన్నచోటే తిరగగలగడం ఈ యంత్రం పేరులోనే ఉంది, ఆ పనే వానాకాలంలో చేయకూడదు. రెండు చక్రాల్లో ఏదీ ఆగకుండా, వెనక్కి పోకుండా, ఒకటి నెమ్మదిగా ఒకటి చురుగ్గా దొర్లేలా చాపంగా మలపాలి. చోటు చాలకపోతే కొంచెం వెనక్కి వచ్చి మూడు ఊపుల్లో తిప్పాలి. మాగాణి తడిలో ఎడ్లను మలిపే రైతు చేసేది ఇదే. ఈ ఒక్క ఒడుపు వస్తే యంత్రం ఐదారేళ్లు పచ్చికను కాపాడుతుంది, రాకపోతే ఒక్క వానాకాలంలో పాడుచేస్తుంది. ఒడుపు రావడానికి రెండు వారాల అభ్యాసం కావాలి. అది ఎండిన నేల మీద, బ్లేడు ఆపి, నడక వేగంతో మొదలవ్వాలి. లక్షలు పోసి కొన్నవాళ్లు ఆ రెండు వారాల జీతాన్ని వృథా ఖర్చు అనుకోవడం నాకు ఎంతకూ మింగుడుపడదు.

కూలీ దొరికే దేశంలో ఇంత ఖరీదైన యంత్రం ఎందుకు, మాలీల పొట్ట కొట్టడానికా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్నలో న్యాయం ఉంది. ముగ్గురు మాలీలలో ఇద్దరిని పంపేయడానికే ఎవరైనా దీన్ని కొంటానంటే నేను వాళ్ల పక్షాన లేను. కానీ ఆ న్యాయం కోసం ఒక మనిషిని వారానికి 42 కిలోమీటర్లు తోయిస్తూ ఉండాలనడం మనిషిని కాపాడటం కాదు. మాలీ విద్య కోతలో లేదు. ఖుర్పీతో కలుపు తీయడంలో, మొక్కకు పాదు చేయడంలో, గులాబీని ఎక్కడ కత్తిరించాలో తెలియడంలో, చీడను ఆకు అడుగున పసిగట్టడంలో ఉంది. మోవర్ వెనక పోయిన పది గంటల్లో ఏడు గంటలు మిగిలితే వాటిని ఈ విద్యకు ఇవ్వాలి. ఎవరినీ తీసేయకుండా, నడిపేవాడికి నైపుణ్యానికి తగ్గ జీతం పెంచి, చెవులకు రక్షణ, కాళ్లకు బూట్లు ఇచ్చి కొంటేనే ఈ యంత్రం కొనుగోలు నా లెక్కలో సబబు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. నీటికి కటకటలాడే, శీతాకాలంలో ఊపిరాడని ఢిల్లీలో అసలు ఎకరాలకొద్దీ లాన్ ఎందుకు? దీనికి పూర్తిగా ఎదురుచెప్పడం నా వల్ల కాదు. సగం ఒప్పుకుంటాను. కూర్చునే, నడిచే, పిల్లలు ఆడే చోటే లాన్ ఉండాలి. నీడలో గరిక ఎలాగూ బతకదు. నేరేడు, వేప, అర్జున చెట్ల కింద గడ్డి కోసం పోరాడటం మాని, రాలిన ఆకుల్ని అక్కడే పరిస్తే నేల చల్లగా ఉంటుంది. ఆకులు, చెత్త బహిరంగంగా తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే చెప్పింది. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లో చెప్పింది. ఆ మీటరు వలయాన్ని తోటలోనూ మట్టిగానే ఉంచితే మోవర్ బెరడును రాసుకోదు, మలుపూ సులువవుతుంది. కోసిన గడ్డిని ముక్కలు చేసి నేల మీదే వదిలే మల్చింగ్ బ్లేడు తప్పనిసరిగా తీసుకోవాలి. ఎత్తులో మూడో వంతుకు మించి కోయకపోతే ఆ ముక్కలు నేలలో కలిసిపోతాయి. అలా తగ్గించుకున్న లాన్‌కు శుద్ధి చేసిన మురుగునీరు వాడితే అభ్యంతరంలో చాలా భాగానికి జవాబు దొరుకుతుంది. పొగ విషయంలో బ్యాటరీ జీరో టర్న్ మేలన్నది నిజం. మూడెకరాల లోపు ఉన్నవాళ్లు ముందు దాన్నే చూడాలి.

పెట్రోలుదే తీసుకునేవాళ్లు ఒక సంగతి గట్టిగా అడగాలి. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దిగుమతి అయ్యే చిన్న ఇంజన్లలో చాలావాటి మాన్యువల్ 10 శాతం దాటొద్దంటుంది. డీలరు ఈ ఇంజన్‌కు ఆ పెట్రోలు నడుస్తుందని కాగితం మీద రాసివ్వాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, డిసెంబరులో గరిక నిద్రపోయే ముందు ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేయాలి, లేకపోతే మార్చిలో స్టార్ట్ కాదు. మే నెలలో వీచే ఆంధీ గాలుల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్‌ను రోజూ దులపాలి. బెల్టు, బ్లేడ్ల సెట్టు, స్పిండిల్ బేరింగులు ఎన్ని రోజుల్లో వస్తాయో, ఎన్‌సీఆర్‌లో వర్క్‌షాపు ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆగస్టులో బెల్టు తెగి మూడు వారాలు ఆగితే గడ్డి మోకాలి దాకా వస్తుంది.

డెమో మార్చిలో షోరూమ్ ముందు సిమెంటు మీద వద్దు. జులైలో, వాన వెలిసిన మూడో రోజు, మీ తోటలోనే అడగండి. డీలరు మనిషిని కాదు, మాలీని సీటు మీద కూర్చోబెట్టండి. అతని కాళ్లు పలకకు ఆనుతున్నాయా, మోచేతులు లీవర్ల దగ్గర హాయిగా వంగుతున్నాయా, గంట తర్వాత నడుము పట్టుకుంటున్నాడా అన్నది అతన్నే అడగండి. ఆనక అతను మలిపిన చోట వంగి గరిక తీగను వేలితో లేపి చూడండి, వేరు నేలలోనే ఉందో లేదో.