హవాలా ఇచ్చేవాడి జిమ్మేదారి

పేపర్లో హవాలా అన్న మాట కనబడితే జనానికి దొంగ డబ్బే గుర్తొస్తుంది. ఉర్దూ మీడియంలో చదివిన నాకు మాత్రం హవాలా అంటే వేరు. "ఈ సంగతి ఫలానా కితాబులో ఉంది, అక్కడ చూసుకోండి" అని చెప్పడం. సాఫ్ట్‌వేర్ సెట్టింగులు రాసుకునే ఫైళ్లలో కూడా ఇలాంటి హవాలా ఉంటుంది. దాన్ని ఇన్‌క్లూడ్ అంటారు. "మిగతాది ఆ ఫైల్లో ఉంది, అదీ చదువు" అని చెప్పే ఒక్క లైను.

నాకు దీంతో పనేమిటంటారా? ఒకే ల్యాప్‌టాప్‌లో నాకు రెండు పేర్లున్నాయి. ఆఫీసు పనికి ఒకటి, ఇక్కడ రాసేవాటికి ఒకటి. రాతలన్నీ గిట్‌లో దాస్తాను. ఏ మార్పు ఎవరు చేశారో పేరు, ఈమెయిల్‌తో సహా నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఆ నమోదు నలుగురి చేతుల్లోకి వెళ్లాక వెనక్కి తీసుకోవడం ముష్కిల్. మన బస్తీ గురించి నేను రాసిన మాట మీద ఆఫీసు పేరు పడితే లేనిపోని పంచాయితీ.

గిట్‌లో ఇన్‌క్లూడ్ 2012లో వచ్చింది. "ఫలానా ఫోల్డర్‌లో పని చేస్తుంటేనే ఈ ఫైలు చదువు" అనే షరతు 2017లో చేరింది. నా బిడ్డ దాంతోనే రెండు పేర్లూ విడదీసి, "అబ్బా, అబ్ బేఫికర్ రహో" అంది.

విలేకరికి బేఫికర్ ఎక్కడిది? రెండు సవాళ్లు అడిగాను.

ఒకటి: రెండు ఫైళ్లు రెండు పేర్లు చెబితే ఎవరి మాట చెల్లుతుంది? గిట్‌లో ఆఖరున చదివినదే ఖాయం. అందుకే ఇన్‌క్లూడ్ లైను అసలు పేరు తర్వాత రావాలి. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో ఉల్టా, మొదట దొరికినదే ఖాయం. ఏదైనా సరే, ముందే సాఫ్‌గా చెప్పాలి.

రెండు: హవాలా ఇచ్చిన ఫైలే లేకపోతే? గిట్ ఖామోష్‌గా ముందుకెళ్లిపోతుంది. అంటే ఆ చిన్న ఫైలు చెరిగిపోయిన రోజున నా రాత మీద ఆఫీసు పేరు పడుతుంది, చెప్పేవాళ్లుండరు. అపాచీ వెబ్ సర్వర్ తరీఖా వేరు. ఇన్‌క్లూడ్ అని రాసిన ఫైలు లేకపోతే సర్వర్ మొదలే కాదు. ఉంటేనే చదవమనడానికి ఇన్‌క్లూడ్ ఆప్షనల్ అని వేరే మాట పెట్టారు. తప్పనిసరికీ, ఉంటే సరికీ ఫరక్ తెలుస్తుంది. నాకు అదే ఇన్సాఫ్ అనిపించింది.

చివరికి మేం పెద్ద ఫైల్లోంచి పేరూ ఈమెయిలూ తీసేశాం. దేనికది దాని ఫోల్డర్ తాలూకు చిన్న ఫైల్లోనే పెట్టాం. సొంతంగా ఊహించుకోవద్దని గిట్‌కి చెప్పే సెట్టింగు కూడా పెట్టాం. ఇప్పుడు చిన్న ఫైలు లేకపోతే గిట్ ఆగిపోయి, నువ్వెవరని అడుగుతుంది.

ఇజాజత్ విషయంలో ఇది ఇంకా నాజూకు. కంప్యూటర్ మీద ఎవరికి పెత్తనం ఇవ్వాలో సుడో ఫైల్లో రాస్తారు. అందులో ఇన్‌క్లూడ్ లైను ఏళ్ల తరబడి హ్యాష్ గుర్తుతో మొదలయ్యేది. హ్యాష్ ఉంటే అది ఉత్త వ్యాఖ్య, పట్టించుకోనక్కర్లేదని అందరికీ అలవాటు. కానీ అదే లైను ఇంకో ఫైల్లోంచి ఇజాజత్‌లు మోసుకొచ్చేది! 2020లో వచ్చిన 1.9.1 నుంచి దాని బదులు అట్ గుర్తు వాడొచ్చు. పాతదీ ఇంకా చెల్లుతుంది.

మీ పిల్లలు సాఫ్ట్‌వేర్ రాస్తుంటే ఒక్క సవాల్ అడగండి: హవాలా ఇచ్చినచోట ఏమీ దొరక్కపోతే నీ ప్రోగ్రాం చెబుతుందా, చుప్‌గా ఊరుకుంటుందా?