త్రీ నాట్ త్రీ కట్టెకు అవిసె నూనె

పాత సైనిక రైఫిల్ కొనడానికి వచ్చినవాడు ముందు కట్టె చూస్తాడు. రంగు బాగుందా, గీతలేమైనా పడ్డాయా అని అటూ ఇటూ తిప్పుతాడు. నేను చేసేది కట్టెపనే అయినా, దాన్ని ఆఖర్న చూడమనే చెబుతాను. కట్టెను ఎలాగోలా బాగుచేసుకోవచ్చు. అరిగిపోయిన గొట్టాన్ని మాత్రం మార్చుకోవాల్సిందే. ఆ ఖర్చు ఒక్కోసారి తుపాకీ ధరను మించిపోతుంది.

మాది వడ్రంగుల ఇల్లు. అమెరికా వచ్చాక ఒహాయోలో లైసెన్సున్న ఒక తుపాకుల షాపులో కుదురుకున్నాను. లోహం సంగతి మా గన్‌స్మిత్ చూసుకుంటాడు, కట్టె సంగతి నాది. సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. రష్యా మోసిన్ నాగాంట్, అమెరికా ఎం1 గరాండ్, బ్రిటిష్‌వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్. ఈ ఆఖరిదే మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన త్రీ నాట్ త్రీ. ఎన్‌సీసీలో చేరిన మన కుర్రాళ్లు చాలామంది దీంతోనే డ్రిల్లు చేశారు. ఇండియాలో మామూలు పౌరుడికి ఆ బోరు దొరకదు. సైన్యం తూటా బయటికి పోకూడదని, అదే చట్రం మీద .315 బోరు రైఫిల్ తయారుచేసి లైసెన్సున్నవాళ్లకు అమ్మారు. ఇక్కడ అమెరికాలో 1968 చట్టం సైనిక రైఫిళ్ల దిగుమతిని ఆపింది. 1980లలో పాతకాలపు వాటికి సడలింపు ఇచ్చాక గుట్టలుగా దిగాయి. వాటిలో కోల్‌కతా పక్కనున్న ఇషాపూర్ ఫ్యాక్టరీవీ ఉన్నాయి.

ఏ తుపాకీ చేతికి వచ్చినా మొదట బోల్ట్ తెరిచి, లోపల తూటా లేదని కంటితో, వేలితో చూసుకుంటాం. ఆ తర్వాత గొట్టంలో గుడ్డ దూర్చి తుడవనివ్వమని అమ్మేవాణ్ని అడగాలి. నిల్వకు పూసిన చిక్కటి గ్రీజు లోపలి గుంటలన్నీ కప్పేస్తుంది. పాత తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే ఉప్పు గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. కాల్చిన రోజు నీళ్లతో కడగని సిపాయి నిర్వాకం ఇన్నేళ్ల తర్వాత మన కళ్లబడుతుంది. ఎన్‌ఫీల్డ్ అయితే మూతి దగ్గర ఇంకా నిదానంగా చూడాలి. గుడ్డముక్కను తాడుకు కట్టి గొట్టంలోంచి లాగి శుభ్రం చేసేవాళ్లు. ఏళ్ల తరబడి ఒకే వైపు ఒరుసుకున్న తాడు బావిగట్టు రాయి మీద చేద తాడు చేసినట్టే గాడి చేస్తుంది. ఆ గాడి పడ్డ తుపాకీకి గురి కుదరదు.

బోల్ట్ మీది నంబరు, చట్రం మీది నంబరు ఒకటేనా చూడాలి. ఒకటే అయినా, మూసిన బోల్ట్‌కూ తూటా ఆనే చోటుకూ మధ్య ఖాళీని కొలిచే గేజ్ పెట్టక తప్పదు. .303కు అంగుళంలో వెయ్యింట 64 వంతుల గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 74 గేజ్ మీద మూసుకోకూడదు. మూసుకుందంటే అది గోడకు తగిలించుకోవడానికే. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ 1903 మోడల్‌లో 8 లక్షల లోపు నంబరున్నవి కూడా అంతే. అప్పట్లో ఉక్కును కాల్చి గట్టిపరచడంలో తేడా రావడంతో కొన్ని చట్రాలు పెళుసుబారాయి. అవి ఎంత అందంగా ఉన్నా కాల్చొద్దంటాం.

ఇక కట్టె. ఎన్‌ఫీల్డ్ కట్టె రెండు ముక్కలు, ముందు భాగం, వెనక మడమ. మడమ వదులైందని సరాసరి పొడుగాటి స్క్రూడ్రైవర్ పెట్టి బిగించబోతారు. మడమను పట్టుకున్న బోల్టు కొస చదరంగా ఉండి, ముందు కట్టెలోని పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు భాగం విప్పకుండా ఆ బోల్టు తిప్పితే ముందు కట్టె వెనక అంచు చీలుతుంది. నా బల్ల మీదికి వచ్చే చీలికల్లో సగం యుద్ధంలోవి కావు, ఇళ్లల్లో చేసుకున్నవే. కాల్చినప్పుడు వెనక్కి వచ్చే తోపు కూడా ఆ అంచు మీదే పడుతుంది. దశాబ్దాల నూనె తాగి అక్కడ కట్టె నల్లబడి, మెత్తబడుతుంది. సుద్దపొడిని స్పిరిట్‌తో ముద్దగా కలిపి పట్టించి, ఎండలో పెడితే పొడి పసుపు తిరిగి, నూనె పైకి వస్తుంది. నూనె ఊరడం ఆగిందాకా అదే పని. జిడ్డు మీద ఏ జిగురూ పట్టదు.

ఈమధ్య ఒక తెలుగు కుర్రాడు ఇషాపూర్ 2ఎ1 పట్టుకొచ్చాడు. మన దేశం 1960లలో 7.62 నాటో తూటాకు సరిపడేలా, మెరుగైన ఉక్కుతో చేసుకున్న ఎన్‌ఫీల్డ్ అది. గ్రీన్ కార్డు వచ్చాక కొన్నాడట.

“అన్నా, దీన్ని ఇసుక కాగితంతో రుద్దేసి అద్దంలా చేసిపెట్టండి.”

“రుద్దితే ఈ ముద్రలు పోతాయి తమ్ముడూ. కొనేవాడు వాటికే డబ్బులిస్తాడు.”

“ఈ స్క్రూ ఎవరో తర్వాత కొట్టినట్టుంది, అదైనా పీకేద్దామా?”

వెనక సైట్ కింద అడ్డంగా ఉండే ఆ స్క్రూ ఇషాపూర్ వాళ్లదే, కట్టె చీలకుండా వేసింది. అది పీకితే ఇషాపూర్ గుర్తే పోతుందని చెప్పి ఒప్పించాను. మురికి మాత్రం తీశాను. సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నలిగిన పోగులు ఆవిరి పట్టి లేస్తాయి. తెగిన పోగులు లేవవు. వాటిని అలాగే వదిలేశాను. తర్వాత పచ్చి అవిసె నూనె పలచగా రాసి, అరచేత్తో వేడెక్కేలా మర్దించి, మిగిలింది తుడిచేసి ఆరబెట్టడం. ఉడికించిన నూనె అని డబ్బాల మీద రాసేదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. తొందర లేనిచోట నాకది నచ్చదు. నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవి ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో ముంచాలి, లేదా బయట విడివిడిగా పరచాలి.

రష్యా తుపాకీకి ఈ పద్ధతి కాదు. యుద్ధం తర్వాత అక్కడి డిపోలు వాటి కట్టెకు లక్క పూసి పంపాయి. పెచ్చులూడినచోట స్పిరిట్‌లో కరిగించిన లక్కే అద్దాలి. మొత్తం గీకేసి పాలియురేథేన్ పూయమనేవాళ్లూ వస్తారు. ప్లాస్టిక్ మెరుపు కావాలంటే ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్లు ఎక్కడున్నారో చెప్పి పంపేస్తాను. వాళ్లయితే నాకన్నా తక్కువకే చేస్తారు.