బయానా పోతే పోనీ!

గుండుగొలనులో చేపల చెరువు బేరానికి బయానా ఇస్తారు. బేరం వద్దనుకుంటే పోయేది అదొక్కటే. షేర్లలో ఆప్షన్‌ కొనడమూ దాదాపు అంతే.

మాంద్యంలో మార్కెట్‌ నీరసించిన రోజులవి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖ బయటపడగానే 179 రూపాయల షేరు 40కి జారింది. ముందే పుట్‌ ఆప్షన్‌ కొన్నవారు గట్టెక్కారు. అమ్మినవారు మునిగారు! బయానా తీసుకున్నవాడిదే పెద్ద పూచీ మరి.

కంపెనీని ఎవరో ఒకరు కొంటారని కాల్‌ ఆప్షన్‌ కొన్నవారికి మరో చిక్కు... గడువు. ఏప్రిల్‌ 13న టెక్‌ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి గెలిచింది. ఊహ నిజమైంది. కానీ ఆలోగా గడువు తీరినవారికి ఆ గెలుపుతో ఒరిగిందేమీ లేదు.

అందుకే ఆప్షన్‌కు పెట్టాల్సింది పిల్లల ఫీజు డబ్బు కాదు, పోయినా ఇల్లు కదలని డబ్బే!