ఒక్కటే ఆక్సిజన్ పాయింటు

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మా నెల్లూరుదే. ఇటలీ నుంచి వచ్చిన ఒక కుర్రాడికి 2020 మార్చి 12న పాజిటివ్ అని తేలింది. అతను కోలుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు అలల్లోనూ క్యాజువాలిటీల్లో, ఐ.సి.యు.ల్లో, 108 బండ్లలో పనిచేసినవాళ్లు కొందరు మానసిక వైద్యుడినైన నా దగ్గరికి వచ్చారు. వెంటనే రాలేదు. జబ్బు ముమ్మరంగా ఉన్నప్పుడు వాళ్లకు తీరికే లేదు. ఊరంతా మాస్కులు తీసేసి పెళ్లిళ్లు చేసుకునే రోజులొచ్చాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కరోనా వల్ల వచ్చామని వాళ్లలో ఎవరూ చెప్పలేదు. ఒకరికి గుండెదడ, ఒకరికి కోపం, ఒకరికి నిద్ర లేకపోవడం. ఇక్కడ రాసే ముగ్గురినీ ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మొదటి మనిషి మైపాడు వైపు ఒక పాళెం నుంచి వచ్చే స్టాఫ్ నర్సు. గుండెదడ అని ఫిజీషియన్ దగ్గరికి వెళితే ఇ.సి.జి., ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఆయన నా దగ్గరికి పంపాడు. అడిగినదానికల్లా “ఏం లేదు సార్” అంటుంది. రొయ్యల చెరువుల మీద పనిచేసే భర్త పక్కన కూర్చుని అంతా విని, చివర్లో నోరు విప్పాడు. “రాత్రుళ్లు లేచి వంటింట్లోకి పోతుంది సార్. గ్యాస్ బండ ఊపి చూస్తుంది, రెగ్యులేటర్ తిప్పి చూస్తుంది. లీకవుతుందని భయమేమో అనుకున్నా. కాదంట. అయిపోయిందేమోనని చూస్తుందంట.”

2021 మే నెల గుర్తున్నవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఆ నెల 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమైంది, పైపుల్లో ప్రెషర్ పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. తిరుపతి మాకు పక్క జిల్లాలోనే. ఆ వార్త విన్న తర్వాత రాత్రి డ్యూటీలో ఒక కన్ను రోగి మీద, ఒక కన్ను గేజ్ మీద పెట్టి పనిచేశామని ఆమె ఒక్కతే కాదు, ఇంకా కొందరు చెప్పారు.

ఆమె మనసు విరిగింది మాత్రం గేజ్ దగ్గర కాదు. ఒక రాత్రి క్యాజువాలిటీలో ఒక్క ఆక్సిజన్ పాయింటు ఖాళీ అయింది. కింద స్ట్రెచర్ల మీద ఇద్దరున్నారు. ఒకతనికి నలభై ఏళ్లుంటాయి, ఒక పెద్దాయనకు డెబ్బై. శాచురేషన్ ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. డ్యూటీ డాక్టరు పైన ఐ.సి.యు.లో ఇంకొకరికి గొట్టం వేస్తున్నాడు. ఫోన్ చేస్తే “ఎవరికి అవసరమో నువ్వే చూడు సిస్టర్” అన్నాడు. ఆమె నలభై ఏళ్ల మనిషికి పెట్టింది. ఇంకో సిలిండర్ దొరికేటప్పటికి పెద్దాయన అయిపోయాడు.

అప్పుడు ఆమె ఏడవలేదు. మరుసటి రాత్రి మళ్లీ డ్యూటీకి వెళ్లింది. ఏడాది పైన గడిచాక మార్కెట్లో ఆ పెద్దాయన కూతురు ఆమెను గుర్తుపట్టింది. చేతులు పట్టుకుని “మా నాయన్ని మీరే కదమ్మా చూసుకున్నది, మీ రుణం తీర్చుకోలేం” అంది. దడ ఆ రోజు మొదలైంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్నేమో అంది నాతో.

ఇలాంటి మాట విన్నప్పుడు “నీ తప్పేం లేదమ్మా” అనాలని ఎవరికైనా నోటి చివరిదాకా వస్తుంది. ఆ మాట ఇంట్లోవాళ్లు అప్పటికే అనేసి ఉంటారు, పని చేయదు. పైగా ఇక మాట్లాడొద్దన్నట్టు వినిపిస్తుంది. మేం చేసింది వేరు. ఆ రాత్రిని మొదటి నుంచి చివరి వరకు, నిమిషాల వారీగా, ఆమె చేతనే చెప్పించాను. ఒకసారి కాదు, చాలా సిట్టింగుల్లో. మొదట్లో పెద్దాయన చూపు దగ్గరికి రాగానే కథ ఆగిపోయేది. తర్వాత్తర్వాత చుట్టుపక్కలవి కనిపించడం మొదలైంది: ఆ రాత్రి ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులు, సిలిండర్లు ఎన్ని తెప్పించాలో ఎవరు లెక్క కట్టారు, ఆ నిర్ణయం ఆమె చేతిలోకి ఎలా వచ్చి పడింది. సెర్ట్రలిన్ కూడా ఇచ్చాను. వంటింటి గస్తీ మెల్లగా తగ్గింది. పెద్దాయన ఇప్పటికీ గుర్తొస్తాడు. గుర్తు రాకుండా చేసే మందు నా దగ్గర లేదు, ఉన్నా ఆమె పుచ్చుకోదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1994లో ఒక పుస్తకం రాశాడు. సైనికుణ్ణి కుంగదీసేది చావు భయం ఒక్కటే కాదని, ప్రాణాల మీదికొచ్చిన వేళ పైన అధికారంలో ఉన్నవాళ్లు ధర్మం తప్పితే ఆ గాయం ఇంకా లోతుగా దిగుతుందని ఆయన వాదన. మన క్యాజువాలిటీలకు ఈ వాదన అతికినట్టు సరిపోతుంది. మన నర్సులు చావుకు భయపడినవాళ్లు కారు. చేయాల్సింది ఏమిటో తెలిసి కూడా చేసే వీలు లేక, ఆ లోటును తమ చేతులతోనే రోగులకు పంచాల్సి వచ్చినవాళ్లు.

రెండోవాడు 108 పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవరు. అతను తనంతట తాను రాలేదు, మెమో వచ్చాక వచ్చాడు. 2023లో యాక్సిడెంట్ కేసు తీసుకుపోతే ఒక ఆసుపత్రి సెక్యూరిటీ గార్డు గేటు తీయడానికి రెండు నిమిషాలు ఆగమన్నాడు. ఇతను దిగి అతని కాలర్ పట్టుకున్నాడు. అంతకుముందు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. రెండో అలలో ఒక రోజు మూడు గేట్ల ముందు బండి ఆపి బెడ్ కోసం బతిమాలాడని, మూడో గేటు ముందు వెనక ఉన్న ఆమె ప్రాణం పోయిందని చాలా ఆలస్యంగా చెప్పాడు. “బండి నడపడం నా పని సార్. నడిపినా. యాడికి తీసకపోవాల?”

అతన్ని వదలని సంగతి ఇంకొకటుంది. ఆ 2021 మే నెలలోనే కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య కరోనాకు ఇచ్చే నాటుమందు కోసం వేలమంది ఎగబడ్డారు. 21వ తేదీన పంపిణీ ఆపేయాల్సి వచ్చినంత రద్దీ. ముత్తుకూరు రోడ్డున ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లను కూడా తీసుకుపోయారు. ఒక ఇంటివాళ్లు “ఆసుపత్రి వద్దన్నా, కృష్ణపట్నం పోనీ” అని ఇతని కాళ్లు పట్టుకున్నారు. రూలు ఒప్పుకోదని ఆసుపత్రికే తెచ్చాడు. రోగి బతకలేదు. వాళ్లు ఇప్పటికీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటారట. ఆ మందుతో పాటు కంట్లో వేసే చుక్కలు ఊపిరితిత్తులను బాగు చేస్తాయని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆనందయ్య మందులకు అనుమతిచ్చిన రోజున ప్రభుత్వం కూడా ఆ చుక్కలను పక్కన పెట్టింది. అయినా అక్కడికి పరిగెత్తినవాళ్లను మూఢులనడానికి నాకు నోరు రాదు. మూడు గేట్లూ మూసి ఉన్నప్పుడు తెరిచి ఉన్న నాలుగో చోటికి ఎవరైనా పోతారు. మూసిన గేట్ల పాపం, నాటుమందు ఆశ, రెండూ నెలజీతం మీద బతికే ఒక డ్రైవరు నెత్తిన పడ్డాయి.

మూడో ఆయన డాక్టరు, మత్తు వైద్యుడు. క్లినిక్ మూసే వేళకు వచ్చాడు. చీటీ మీద పేరు రాయొద్దన్నాడు. ఎదుటివాళ్లకు ధైర్యంగా మందు రాసే మనం మన పేరు మీద ఆ చీటీ రాయించుకోవడానికి ఎందుకింత జంకుతామో! మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చిందని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. అప్పటికే తనంతట తాను ఆల్‌ప్రజోలం వేసుకుంటున్నాడు, డోసు పెరుగుతోంది. ఇంట్లో గొడవ వేరు: బెంగళూరులో ఉన్న కూతురు వీడియో కాల్ చేస్తే కట్ చేస్తాడు, మామూలు కాల్ అయితే మాట్లాడతాడు. ఆ పిల్ల నాన్నకు కోపమొచ్చిందనుకుంది. వెంటిలేటర్ పెట్టబోయే ముందు రోగులకు ఇంటివాళ్లను వీడియోలో చూపించే పని వార్డులో ఈయనే పెట్టుకున్నాడు. చాలామందికి అదే చివరి చూపు. ఇప్పుడు ఫోన్ తెరమీద ఏ మొహం వెలిగినా చేతులు చల్లబడతాయి.

ఆల్‌ప్రజోలం ఆ రాత్రికి నిద్ర తెస్తుంది. గాయాన్ని మాన్పదు, పైగా అలవాటవుతుంది. ఇలాంటి మానసిక గాయానికి ఆ జాతి మందులు వద్దని మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. అయినా మా వృత్తిలోనే వాటిని మింగుతున్నవాళ్లున్నారు. ఘటన జరిగిన మర్నాడు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకే పూటలో మాట్లాడించి పంపేస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా ఉంది. అలాంటి ఒక్క సిట్టింగు తర్వాతి జబ్బును ఆపలేదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అన్నం, నిద్ర, తోడు, రెండు రోజుల సెలవు అప్పటికి చాలు. నెలలు గడిచినా తగ్గకపోతే అప్పుడు పద్ధతైన చికిత్స కావాలి.

ఇది మన ఊరి గోడే కాదు. 2020 మొదట్లో చైనాలో 34 ఆసుపత్రుల సిబ్బంది 1,257 మందిని పరీక్షిస్తే సగం మందిలో డిప్రెషన్ లక్షణాలు, పది మందిలో ఏడుగురిలో మానసిక కలత కనిపించాయి. 2003లో సార్స్ వచ్చిన టొరంటోలో ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా సిబ్బందిలో కొందరి మానసిక బాధ తగ్గలేదు. మన దగ్గర గౌరవం, అవమానం వెంటవెంటనే వచ్చాయి. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం. ఏప్రిల్‌లో కరోనాతో చనిపోయిన నెల్లూరు డాక్టరొకరి దహనానికి చెన్నై అంబత్తూరులో అడ్డుపడ్డారు. వారం తిరక్కుండా చెన్నైలోనే న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులిస్ ఖననానికి వచ్చినవాళ్ల మీద రాళ్లు వేశారు. ఆ నెల 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, వైద్య సిబ్బంది మీద దాడికి జైలు శిక్ష పెట్టింది. మే 3న హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. ఆ మధ్యలో ఉన్న నర్సుకు ఏ లోకం నిజమో ఎలా తెలుస్తుంది?

నా దగ్గరికి అసలు రానివాళ్లున్నారు. శవాలను సంచుల్లో చుట్టినవాళ్లు, బోడిగాడితోట శ్మశానానికి చేర్చినవాళ్లు, వార్డులు కడిగినవాళ్లు. కాంట్రాక్టు మనుషులు. సగం రోజు కూలి పోగొట్టుకుని సైకియాట్రిస్టు దగ్గర కూర్చోలేరు. వాళ్లు తాగుతారు, తాగుబోతని పేరు పడుతుంది, అంతటితో కేసు మూసేస్తాం.

ఆసుపత్రులు నడిపేవాళ్లను నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ఉన్నది ఒక్కటే పాయింటు అయినప్పుడు ఎవరికి పెట్టాలో మంచం పక్కనున్న నర్సు చేత తేల్పించొద్దు. ఆ పనికి వేరే సీనియర్ డాక్టరును పెట్టండి, కారణం కాగితం మీద రాయించి ఆయన చేత సంతకం చేయించండి. ఆ రాత్రి డ్యూటీ చేసినవాళ్లను ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు పిలిచి నిద్ర ఎలా ఉందని అడగండి, స్వీపర్లతో సహా. చెప్పినవాళ్ల మాట సర్వీసు రికార్డులోకి ఎక్కించకండి.

ఇది చదువుతున్న మీరు ఆ రోజుల్లో వార్డులోనో బండిలోనో ఉండి, ఇప్పటికీ రాత్రుళ్లు లేస్తూ ఉంటే, మీకు పిచ్చి పట్టలేదు, దీనికి చికిత్స ఉంది. నాలాంటివాళ్ల దగ్గరికి రావడానికి మొహమాటమైతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయండి: 14416. ఏ వేళకైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.